మందు ఆపించండి

మిషన్ ఆసుపత్రి, తంబెలా
9 ఫిబ్రవరి 2025

పెదనాన్నకి, పెద్దమ్మకి, అమ్మకి,

ముందుగా నేను బతికే ఉన్నానన్న మాట రాసేస్తున్నాను. అది తెలిస్తే పెద్దమ్మ కళ్ళజోడు వెతుక్కుని తక్కినది నెమ్మదిగా చదువుకుంటుంది.

డిసెంబరు ఆఖరి వారంలో ఈ ఊరు చేతులు మారింది. ప్రభుత్వ సైనికులు పొద్దున్నే లారీలెక్కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి తిరుగుబాటువాళ్ళు వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర తమ జెండా కట్టారు. నర్సులెవరూ ఊరు దాటకూడదన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ రోజునుంచి ఫోన్లు లేవు. సహాయ సంస్థవాళ్ళ జీపు రెండు వారాలకోసారి సరిహద్దు దాటుతుంది, ఉత్తరాలు అందులోనే వెళ్ళాలి. కవరు అంటించకూడదు. కమాండరు గారి ఆఫీసులో ఒక గుమాస్తా మన రాత మీద ఫోను పెట్టి ఇంగ్లీషులోకి తిప్పుకుని చదువుతాడు, తరవాత ముద్ర వేస్తాడు. పెదనాన్నా, మీ చేతిరాత ఆ ఫోనుకి అర్థమైతే దానికో దండం పెట్టాలి.

నాకు తిండికి లోటు లేదు. మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు. పచ్చిమిరపకాయ చూసి నెలన్నర అయింది.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్తగా చదవండి. ఇక్కడికి బయటి దేశంనుంచి మందు వస్తోంది. ప్రతి గురువారం లారీల్లో దిగుతుంది. ఎవరు పంపుతున్నారో పెట్టెల మీద ఉండదు. మందు దిగిన మర్నాటినుంచి మా వార్డులో మంచాలు చాలవు. మందు రాకముందు ఈ ఊళ్ళో ఇన్ని చావులు లేవు. మీరు అర్జీలు రాయడంలో మొదటినుంచీ ఘనులు. బయటివాళ్ళు మందు పంపడం ఆపాలని అక్కడినుంచి మీరంతా గట్టిగా అడగండి, సంతకాలు పెట్టించండి. మన ప్రభుత్వం కూడా నోరు విప్పి ఆ మాట అనాలి. ఇంతకంటే వివరంగా రాయలేను. మన ఇంట్లో మాటే కదా, మీకు అర్థమవుతుంది.

ఈ ఉత్తరం అమ్మకి మొత్తం చదివి వినిపించండి.

మీ బిందు

*

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్
6 మార్చి 2025

అమ్మా బిందూ,

నీ ఉత్తరం వచ్చేసరికి మీ పెద్దమ్మ కుక్కరు పొయ్యి మీద పెట్టి ఉంది. అది ఎన్ని కూతలు కూసిందో మా ఇద్దరికీ తెలియదు. అడుగంటిన అన్నమే తిన్నాం. రెండు నెలల తరవాత కడుపునిండా తిన్నది ఆ రోజే.

నా చేతిరాత మీద వెటకారం బాగానే ఉంది. ఎందరో డాక్టర్ల గీతలు చదివి పెట్టిన మనిషిని. నా రాత చదవలేకపోతే తప్పు ఫోనుది.

ఇక అసలు విషయం. మందు గురించి మన ఇంట్లో ఎవరికి కొత్తగా చెప్పాలి? మీ నాన్న జగ్గారావు రాళ్ళ గనిలో కొండకి రంధ్రాలు కొట్టి మందు కూరేవాడు. నేను డిస్పెన్సరీలో కాంపౌండరుగా మందు కలిపేవాణ్ణి. భుయ్యాడీహ్‌లో మనది మందువాళ్ళ ఇల్లు అనే పేరు ఇప్పటికీ ఉంది. నువ్వు రాసింది చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ చేతిలో డబ్బుంది, ఎక్కడో బీదవాళ్ళ ఊరు కనపడింది, ఇంక తోసేయడమే! ఇలాంటి మందులు పంపేవాళ్ళని నడిరోడ్డు మీద నిలబెట్టి అడగాలి.

నాలుగో రోజుకల్లా అర్జీ తయారు. మన తెలుగులో రాస్తే సాక్చి బజారులో ఎవడు చదువుతాడని హిందీలో రాయించాను. నేను తెలుగులో చెబుతుంటే మన మోహిత్ కంప్యూటరులో కొట్టాడు. మనవడే గానీ తెలుగు వాడికి సగమే వచ్చు. ప్రతి ముక్కా తిరిగి అడుగుతాడు. ఒక చోట రెండుసార్లు అడిగితే కసిరాను.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. మన తెలుగు వీధి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మందు ఆపించాలి, సంతకం పెట్టండి అన్నానో లేదో వరస కట్టారు. ఒకావిడ, "ముందు మా ఆయన్ది ఆపించండి బాబూ, సీకటి పడితే సాలు ఇంటికి రాడు" అంది. వీళ్ళు సారా అనుకున్నారన్నమాట! సరిదిద్దుదామనుకునేలోపే నలభై సంతకాలయ్యాయి. పోనీలే, మంచి పనికే కదా అని ఊరుకున్నాను. ఏ మందో కనుక్కోకుండా సంతకం పెట్టే జనంతో ఎలా వేగాలో చెప్పు.

నువ్వు ఒక పని చెయ్యి. పెట్టెల మీద దేశం పేరు లేకపోయినా లాట్ నంబరూ తయారైన ఏడాదీ ఎక్కడో ఒక మూల ఉంటాయి. వీలైతే చూసి రాయి. అర్జీకి ఆధారం కావాలి.

మీ అమ్మ సూర్యకాంతానికి సారాంశం చెప్పాను. ఆవిడకి చెవుడు బాగా ముదిరింది. ఉత్తరం మొత్తం చదవాలంటే నా గొంతు పోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న

*

తంబెలా
2 ఏప్రిల్ 2025

పెదనాన్నకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాన్న పేరు రాశారు చూడండి, అక్కడ ఏడుపు ఆగలేదు. అర్థమవుతుందో లేదో అని రెండు నెలలు భయపడ్డాను. ఒక్క ఉత్తరంతో పట్టుకున్నారు. సారా సంగతి ఈశ్వరికి చెబితే పడీ పడీ నవ్వింది. ఈశ్వరి నాతో పనిచేసే నర్సు, పర్లాకిమిడి అమ్మాయి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఈ ఊళ్ళో నేను తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

మీరడిగినది చూశాను. ఖాళీ అయిన పెట్టెలు మాకే ఇస్తారు. సెలైను స్టాండు లేని మంచాల దగ్గర వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సీసా కడతాం. రంగు పూసి అక్షరాలు చెరిపేశారు. ఒక్క దాని మీద మాత్రం మిగిలింది. లాట్ 14, 1987. అంత పాత సరుకైనా తన పని తాను చేస్తూనే ఉంది, అదే నా బాధ.

ఇంకో మాట. మా ఆసుపత్రికి మందులు అయిపోవచ్చాయి. మత్తు ఇంజెక్షన్లు లెక్కపెట్టి వాడుతున్నాం. సహాయ సంస్థ ఒక కంటైనరు నింపి ఓడ ఎక్కిస్తోందట, మే నెలాఖరుకి చేరుతుందని చెప్పారు. ఆ మందులు వస్తే నాలుగు నెలలు ఊపిరి పీల్చుకుంటాం. డాక్టరు గారు గోడ మీద క్యాలెండరులో రోజులు కొట్టేస్తున్నారు.

అమ్మకి సారాంశం కాదు, మొత్తం చదవండి. ఆవిడకి గట్టిగా అరిస్తే వినపడదు, కుడి చెవి దగ్గర నెమ్మదిగా చెబితే వినపడుతుంది.

మీ బిందు

*

భుయ్యాడీహ్
11 మే 2025

అమ్మా బిందూ,

1987! ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 1987లో నీకు పుట్టుకే లేదు. మీ నాన్నకి పెళ్ళయి ఏడాది కాలేదు. అప్పటి సరుకు ఇప్పుడు మనుషుల ఒంట్లోకి పంపుతున్నారా? ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో గడువు దాటిన సీసా ఒక్కటి నా చేతిమీదుగా పోలేదు. ఒకసారి పై అధికారి అలాంటి పెట్టె తీసుకోమంటే తీసుకోనన్నాను. మెమో ఇచ్చాడు. ఆ మెమో ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది, గొప్పగానే దాచుకున్నాను.

ఇంక ఆగలేదు. లాట్ నంబరూ ఏడాదీ చేర్చి అర్జీ మళ్ళీ రాయించాను. పదకొండు వందల నలభై సంతకాలు. ఒకటి ఢిల్లీకి, ఒకటి సహాయ సంస్థ కలకత్తా ఆఫీసుకి, ఒకటి హిందీ పేపరుకి. పేపరువాళ్ళు నా ఫోటో అడిగారు. మీ పెద్దమ్మ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ప్రాణాలకి తెగించి నిజం చెప్పిన నర్సు అని నీ పేరు కూడా వేశారు.

కలకత్తా ఆఫీసునుంచి శ్వేత అనే ఆవిడ ఫోను చేసింది. "అంకుల్, మీ అమ్మాయి ఉత్తరం ఒకసారి పంపుతారా, మా దగ్గర తెలుగు వచ్చినవాళ్ళతో చదివిస్తాం" అంది. నీ ఉత్తరం ఊళ్ళు తిప్పడం నాకిష్టం లేదు. నేనే ఫోనులో వాక్యం వాక్యం హిందీలో చెప్పాను. వారం తిరక్కుండా కబురు వచ్చింది. కంటైనరుని రేవులోనే ఆపేశారు, తనిఖీ అయ్యేదాకా కదలదు. మోహిత్ మిఠాయి తెచ్చాడు.

ఓడ కోసం ఎదురుచూస్తున్నట్టు నువ్వు నాలుగు ముక్కలు ఎందుకు రాశావో నాకు తెలుసులే. చదివేవాళ్ళ కళ్ళకి కొన్ని మాటలు రాయాలి. నీ పెదనాన్న అంత తెలివితక్కువవాడు కాదు. లాట్ నంబరు నా కోసం, ఓడ వాళ్ళ కోసం.

పేపరు ముక్క దీంతో పెడుతున్నాను. దాచుకో.

గర్వంతో,
పెదనాన్న

*

తంబెలా
19 జూన్ 2025

పెదనాన్నా,

ఈ ఉత్తరం ఎవరూ చదవరు. ఈశ్వరికి జ్వరం ముదిరి సరిహద్దు దాటనిచ్చారు. సవరంలో చుట్టి జడ వేసుకుని తీసుకొస్తోంది. అందుకే అన్నీ రాస్తున్నాను. కోపం వస్తుంది, వచ్చినట్టే రాస్తాను.

మీరు ఏం చేశారు?

మందు అని రాశాను. మందులు అని రాయలేదు. మొదటి ఉత్తరం తీసి చూడండి. ఎన్నిసార్లు రాశానో చూడండి, ఒక్కసారైనా మందులు అన్నానా? నాన్న కొండలో కూరిన మందు అది. తుపాకీల్లో, ఫిరంగి గుండ్లలో ఉండే మందు. ఫోనులో తిప్పితే ఆ మాటకి ఔషధం అని వస్తుంది. గుమాస్తాకి అదే కనపడుతుందని, మీకు మాత్రం అసలు అర్థం తెలుస్తుందని నమ్మి రాశాను. మీ జవాబులో ఒక చోట మందులు అని ఉంటే పొరపాటున రాశారనుకున్నాను. మీరు నాన్న పేరు రాసేసరికి మీకు తెలిసిందనే అనుకున్నాను. ఓడ గురించి రాసింది వాళ్ళ కోసం కాదు, నిజంగా మా కోసం. పేపరు ముక్కలో ఔషధాలన్న హిందీ మాట, "దవాయియా" అని పెద్ద అక్షరాలతో చూసినప్పుడు తెలిసింది నాకు.

అప్పటికే ఆలస్యమైంది. మే ఆఖరున సహాయ సంస్థ మనిషి వచ్చి మా డాక్టరు గారితో, మీ నర్సు బంధువు ఫిర్యాదు చేశాడు, కంటైనరు ఆగిపోయింది అని చెప్పాడు. కమాండరు పిలిపించాడు. గుమాస్తా నా పాత ఉత్తరాల నకళ్ళు తీశాడు. మందు పంపొద్దని నువ్వే రాశావా అని అడిగారు. ఆ మాటకి అసలు అర్థం ఏమిటో చెబితే ఆ పూటే గోడకి నిలబెట్టేవాళ్ళు. అవునండి, నేనే రాశాను, పాత మందులు వస్తున్నాయని రాశాను అన్నాను. డాక్టరు గారు నా మొహం చూడలేదు.

జూన్ నాలుగున ఎనిమిదేళ్ళ పిల్లకి మోకాలి కింద కాలు తీసేశారు. మత్తు ఇంజెక్షన్లు అయిపోయి అప్పటికి ఆరు రోజులు. నేను భుజాలు పట్టుకున్నాను. ఆ తల్లి బయటినుంచి విన్నది. తరవాత నా దగ్గరికి వచ్చి, పంపొద్దని చెప్పింది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. ఇంకేమనాలి? ఇప్పుడు నన్ను వార్డులోకి రానివ్వడం లేదు. కట్లు ఉతుకుతున్నాను.

నేను అడిగింది ఏమిటో ఇప్పుడైనా వినండి. ఈ తిరుగుబాటువాళ్ళ కోపం నిజమైనదే. నది ఒడ్డు భూములన్నీ ప్రభుత్వం లాక్కుంది. ఎదురు తిరిగితే కాల్చింది. వాళ్ళు రాక్షసులు కాదు, ప్రభుత్వం దేవుడూ కాదు. కిందటి ఏడు దీపావళి రోజుల్లో రెండు పక్షాల పెద్దలూ ఇక్కడి బడి వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. నేనే టీ ఇచ్చాను. నదికి ఈవలి భూములు తిరిగి ఇచ్చే మాట దాకా వచ్చింది. ఇంతలో బయటి దేశం లారీలు మొదలయ్యాయి. ఒక రాజ్యానికి ఈ ప్రభుత్వం మీద కక్ష ఉంది. తన మనుషుల్ని పంపకుండా వీళ్ళ పిల్లల చేతికి సామాను పంపుతోంది. గెలుస్తామన్న ఆశ పుట్టాక ఎవరు కూర్చుంటారు? ఆ వారంనుంచి వరండాలో కుర్చీలు ఖాళీ. కోపం వీళ్ళది, గుండు వీళ్ళది కాదు. ఎప్పుడు ఆపాలో కూడా వీళ్ళ చేతిలో లేదు. పంపేవాడు ఆపమంటే ఆగుతుంది. అందుకే వాణ్ణి ఆపమనండి అని అడిగాను.

మీరు మత్తు ఇంజెక్షన్లు ఆపారు. గురువారం లారీలు వస్తూనే ఉన్నాయి.

దయచేసి నా మాటకి అర్థం ఇదీ అని ఎక్కడా చెప్పకండి. కలకత్తాలో చెప్పినా ఇక్కడికి తెలుస్తుంది.

బిందు

*

భుయ్యాడీహ్
20 జూలై 2025

చిరంజీవి బిందుకి,

ఈ ఉత్తరం చదివే పెద్దలందరికీ కూడా నమస్కారం.

నువ్వు ఒక పెట్టె పాడైనట్టుందని రాశావు. నేను దాన్ని పెద్దది చేసి, మందులన్నీ విషమని, అన్నీ ఆపమని ఊరంతా చెప్పాను. నాకు డెబ్బై మూడేళ్ళు. మతి సరిగ్గా ఉండటం లేదు. ఇంట్లోవాళ్ళు కొంతకాలంగా ఈ సంగతి అంటూనే ఉన్నారు. నీ తప్పు ఇందులో ఏమీ లేదు.

నోటరీ దగ్గర ప్రమాణ పత్రం రాసి సహాయ సంస్థకి, ఢిల్లీకి, పేపరుకి పంపాను. నకలు దీనితో ఉంది. అందులో, నా మేనల్లుళ్ళూ మనవలూ చెప్పినా వినకుండా, పేరు కోసం, ఉన్నవీ లేనివీ కల్పించి రాశానని ఒప్పుకున్నాను. కంటైనరు వెంటనే పంపమని వేడుకున్నాను. కంటైనరులోని మందులు మంచివేనని కాంపౌండరుగా నా నమ్మకం.

అమ్మాయిని వార్డులోంచి తీసేశారని సహాయ సంస్థవాళ్ళ ద్వారా తెలిసింది. పెద్దలు దయ ఉంచి మళ్ళీ వార్డులోకి తీసుకోవాలని ప్రార్థన. అది మంచి నర్సు.

సీతారామరావు

*

భుయ్యాడీహ్
27 జూలై 2025

అమ్మా బిందూ,

కిందటి వారం కమాండరు ఆఫీసు దారిన పంపిన ఉత్తరం వాళ్ళు చదవడానికి రాసింది. ఇది నీకు. ఈశ్వరి కోలుకుంది, మొన్న టాటానగర్ స్టేషన్లో కలిసి మాట్లాడాను. ఆమె స్నేహితురాలొకతె సరిహద్దు ఊరి దాకా వెళుతోందట, ఎలాగో చేరుస్తానంది.

క్షమించమని అడగను. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల క్షమించాలి, నువ్వు కాదు.

నీ మొదటి ఉత్తరం తీసి చూశాను. మందు అన్న మాట నాలుగుసార్లు ఉంది. మందులు అని ఒక్కసారి కూడా లేదు. తెలుగు చదవడం రాని గుమాస్తా ఫోనులో ఎలా చదివాడో నేనూ అలాగే చదివాను. ఆ రోజు మోహిత్ రెండుసార్లు అడిగి కసిరించుకున్నది ఏమిటో తెలుసా? "తాతా, దవా హీ లిఖూ? మందు తో బారూద్ కో భీ బోల్తే హై నా?" అన్నాడు, దవా అనే రాయనా, మందంటే పేలుడు మందు కూడా కదా అని. హిందీలో రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి, ఏదో ఒకటి రాయక తప్పదు. సగం తెలుగు వచ్చిన కుర్రాడికి అనుమానం వచ్చింది. నాకు రాలేదు. నాకు నా డిస్పెన్సరీ, నా మెమో, నా నిజాయితీ తప్ప ఇంకేమీ కనపడలేదు. నీ ఉత్తరంలో నీ సంగతి చదవలేదమ్మా, నా గొప్ప చదువుకున్నాను.

మొన్న మీ అమ్మ కుడి చెవి దగ్గర కూర్చుని ఆ ఉత్తరం మొదటినుంచీ చదివాను. లారీల మాట దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి బావగారూ. గురువారం లారీల్లో దిగే మందేటి? మీ తమ్ముడు కూరే మందు కాదేటండి? మందొచ్చిన రోజు ఇంటికి బేగి రాలేనని మా ఆయన సెప్పీవోడు" అంది. "ఇది పిబ్రవరిలో వచ్చిన ఉత్తరమేనా?" అని అడిగింది. అవునన్నాను. "నాకెందుకు సదవలేదండి" అంది. లోపలికెళ్ళి పడుకుంది. రెండు రోజులు మా ఇంట్లో ఎవరి చేతి అన్నమూ తినలేదు.

కంటైనరు ఇంకా రేవులోనే ఉంది. ప్రమాణ పత్రం అందిందట. ఒకసారి అధికారికంగా ఫిర్యాదు నమోదయ్యాక, ఫిర్యాదు చేసినవాడు అబద్ధమన్నంత మాత్రాన మూసేయడం కుదరదట. ఇప్పుడు రెండు విచారణలు, ఒకటి మందుల మీద, ఒకటి నా మీద. కలకత్తా వెళ్ళి శ్వేతగారి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ మంచిది. "అంకుల్, ఒక్క ఉత్తరం చూపించమన్నాను మిమ్మల్ని" అంది. ఆగస్టులో వదలవచ్చన్నారు. ప్రతి సోమవారం ఫోను చేస్తున్నాను. నా గొంతు వినగానే అవతల ఫోను పక్కన పెట్టేసే చప్పుడు వినపడుతోంది.

ఇక నువ్వు అడిగిన అసలు అర్జీ. ఆలస్యంగానైనా రాశాను. ఈసారి మోహిత్‌తో ఒక్కో మాటా అడిగి మరీ రాయించాను. బయటి దేశాలు అంతర్యుద్ధాల్లో తిరుగుబాటు పక్షాలకి ఆయుధాలూ బారూదూ పంపకూడదని, మన దేశం ఆ మాట సభల్లో గట్టిగా చెప్పాలని. నీ పేరు లేదు, నువ్వున్న ఊరు లేదు, ఆ దేశం పేరు కూడా లేదు. భుయ్యాడీహ్‌లో ఇల్లిల్లూ తిరిగాను. "తాతగారూ, మొన్న దవా ఆపించారు, ఇప్పుడు బారూద్ ఆపిస్తారా?" అని ఒక కుర్రాడు అందరి ముందూ అన్నాడు. నవ్వారు. నవ్వడానికి వాళ్ళకి హక్కుంది.

ఆదిత్యపూర్‌లో అమర్ అని యూనియన్ నాయకుడున్నాడు, చదువుకున్నవాడు. కాగితం పూర్తిగా చదివిన మొదటి మనిషి అతనే. "అణచివేతకి ఎదురు తిరిగినవాళ్ళకి సాయం చేయొద్దంటారా మీరు? ఇది సర్కారుకి కొమ్ముకాయడం కాదా?" అన్నాడు. నీ మాటలే చెప్పాను, బడి వరండా, టీ, ఖాళీ కుర్చీలు, గుండు పంపేవాడి చేతిలో తాడు. అతను చాలాసేపు విన్నాడు. "మీకెలా తెలుసు? ఎవరు చూశారు?" అన్నాడు. నేను ఎక్కడో చదివానన్నాను. కాగితం తిరిగి ఇచ్చేశాడు.

ఇవాళ్టికి మూడు వారాలు, తొమ్మిది సంతకాలు. మీ పెద్దమ్మది, మోహిత్‌ది, మీ అమ్మ వేలిముద్ర. మీ అమ్మ వేలిముద్ర వేశాక బొటనవేలు పాత చీర ముక్కకి తుడుచుకుని వెళ్ళిపోయింది. తక్కిన ఆరుగురిలో నలుగురు నా మీద జాలితో పెట్టారని తెలుసు.

నిన్న సాక్చిలో సైకిలు సామాను కొట్టాయన కాగితం తీసుకుని అక్షరం అక్షరం చదివాడు. ఆయన తమ్ముడు సైన్యంలో ఉండగా చనిపోయాడట. కలం కూడా తీశాడు. "మాట బాగుంది. కానీ ఉత్త మాట మీద ఎలా పెట్టను? కిందటిసారి మీ దగ్గర ఎవరో నర్సు రాసిన ఉత్తరం ఉందన్నారు కదా. ఈసారి అలాంటిది ఏదైనా ఉంటే చూపించండి, నాతోపాటు ఈ వరసలో కొట్లవాళ్ళందరిచేతా పెట్టిస్తాను" అన్నాడు.

నీ జూన్ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. ఏమీ లేదని చెప్పి వచ్చేశాను.

పెదనాన్న